గుడి కట్టకముందు కూడిన చోట్లు

(మన సంఘం మాసగోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రసంగానికి మేము పెట్టిన పేరు విని కార్యదర్శిగారు కాస్త తటపటాయించారు. దీన్ని ఉగాది సంచికకు ఇస్తామన్నప్పుడు మరీ తటపటాయించారు. వేపపూత పచ్చడి నడుమ పాదిరీల సంగతి ఏమిటని ఆయన నోటితో అనలేదు గాని, ముఖం అన్నది. మేము చెప్పిన జవాబు ఇది: మనం ఊరుగాని ఊళ్ళో పుట్టినింటి భాషను కాపాడుకుంటున్న జనం. తమదంటూ ఒక కప్పు లేని నలుగురు మనుషులు ఎన్నాళ్ళు, ఎక్కడెక్కడ కూడుకోగలరు అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. ఈ బెంగుళూరులోనే ఆ ప్రశ్నను రెండు వందల ఏండ్ల క్రితం ఎదుర్కొన్నవారు మెథడిస్టులు. అంతకు మించి ఇందులో మతప్రసంగం లేదని ముందే హామీ ఇస్తున్నాము.

మేము అంటే నలుగురం. ముగ్గురం ఉద్యోగం చాలించినవాళ్ళం, ఒకరు ఇంకా బ్యాంకుకు పోతున్నారు. నలుగురిలో క్రైస్తవులు ఒక్కరే. పోయిన ఏడాది ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో నిద్రపోకుండా దండులోని పాత వీధులు నడవాలని ఒట్టు పెట్టుకున్నాము. మోకాళ్ళు సహకరించిన మేరకు నడిచాము. పాత కట్టడాలను చూడబోయి, కట్టడాలకంటె ముందున్న చోట్ల వెంట పడ్డాము.

మొదట ఇంగ్లండు సంగతి రెండు మాటలలో. జాన్ వెస్లీ అనే ఆయన 1703లో పుట్టి 1791లో పోయారు. ఇంగ్లండు దొరతనపు సంఘంలోనే గురువు. ఆక్స్‌ఫర్డులో ఉన్న రోజుల్లో ఆయనా, తమ్ముడూ, స్నేహితులూ వేళకు లేవటం, వేళకు ప్రార్థన, వేళకు ఉపవాసం అంటూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. తోటివాళ్ళు వెక్కిరిస్తూ పెట్టిన పేరు మెథడిస్టులు, అనగా పద్ధతిగాళ్ళు. వెక్కిరింపు పేరే చివరకు నిలిచింది. 1739లో బ్రిస్టలు దగ్గర బొగ్గుగని కూలీలకు ఆరుబయట బోధ మొదలుపెట్టారు. ఇళ్ళలో, కొట్టాలలో, సంతబయళ్ళలో కూడారు. ఎప్‌వర్తులో తండ్రి పనిచేసిన గుడిలోనే ఆయనకు చోటు ఇవ్వకపోతే, 1742లో ఆ గుడి పెరట్లో ఉన్న తండ్రి సమాధి రాతి మీద నిలబడి సాయంకాలాలు బోధించారు. తండ్రి రాతి మీద నుంచి కొడుకును దిగిపొమ్మనటం ఎవరి తరమూ కాలేదు కాబోలు.

లండనులో వారు కొన్న మొదటి చోటు పాత ఫిరంగుల కార్ఖానా. 1716లో పేలుడు జరిగి పాడుబడి ఉండగా, 1739లో నూట పదిహేను పౌన్లకు కొన్నారు. బ్రిస్టలులో అదే ఏడు కొత్త గది అని ఒకటి కట్టారు. కట్టారు గాని అప్పు మిగిలింది. ఆ అప్పు తీర్చడానికి 1742లో కూర్చున్నప్పుడు కప్తాన్ ఫోయ్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పారు. ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి. పేదవారు ఇవ్వలేరు గదా అన్నారు ఎవరో. పదకొండు మందిని నాకు అప్పగించండి, వారానికొకసారి వారి ఇంటికి పోయి అడుగుతాను, ఇవ్వలేనివారి బదులు నేనే వేస్తాను అన్నారాయన. అలా పన్నెండు మందికి ఒక జట్టు ఏర్పడింది. డబ్బు కోసం ఇల్లిల్లూ తిరిగితే ఇంటి కష్టసుఖాలు తెలిశాయి. తరువాత జట్టుజట్టే ఒక ఇంట్లో కూడటం మొదలైంది. మెథడిస్టు సంఘానికి వెన్నెముక అనదగిన ఏర్పాటు అప్పు వసూలు నుంచి పుట్టిందన్న మాట. మన కోశాధికారిగారు ఈ భాగం రెండుసార్లు చదవాలని మా మనవి.

ఇంకొక సంగతి చెప్పి ఇంగ్లండును విడుస్తాము. 1689లో అక్కడ ఒక చట్టం వచ్చింది. దొరతనపు సంఘానికి వెలుపల ప్రార్థనకు కూడేవారు తమ చోటును బిషప్పు వద్దనో, న్యాయాధికారుల వద్దనో నమోదు చేయించాలి. ఫలానావారి ఇల్లు, ఫలానావారి గడ్డివాము కొట్టం అని చిట్టాలో ఎక్కాలి. వీళ్ళను కనిపెట్టి ఉండటానికి పెట్టిన చిట్టా అది. కాని నేడు ఒక ఇంగ్లీషు ఊరిలో చరిత్ర రాసేవాడు ఆ చిట్టా తిప్పి, ఈ ఊళ్ళో మెథడిస్టులు మొదట ఈ సందులో ఈ చెప్పులు కుట్టేవాని ఇంట్లో కూడారు అని వేలు పెట్టి చూపగలుగుతున్నాడు. ఆ చట్టం సముద్రం దాటి మన దేశానికి రాలేదు. వచ్చి ఉంటే మా కాళ్ళకు ఇంత శ్రమ ఉండేది కాదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాము. శ్రీరంగపట్నంలో గాలీ నీరూ పడక సిపాయిలు జబ్బుపడుతూ ఉంటే, 1809లో కంపెనీ దండును ఇక్కడికి మార్చారు. దండు వెంట మద్రాసు నుంచి వంటవారు, గుర్రపువాళ్ళు, దర్జీలు, కంట్రాక్టర్లు, దుబాసీలు వచ్చారు. వారిలో తమిళులు ఎక్కువ, తెలుగువారు కొంత. కన్నడం పేటలో ఉన్నది. ఊరు ఒకటే అయినా పేట వేరు, దండు వేరు. ఈ తేడా మనసులో పెట్టుకోకపోతే తరువాతి కథ అర్థం కాదు.

వెస్లియన్ మిషను తరఫున ఇలైజా హూల్, జేమ్స్ మోవట్ అనే ఇద్దరు యువకులు 1821లో బెంగుళూరు చేరారు. అంతకు ముందటి ఏడు వారు ఇంగ్లండు నుంచి వస్తున్న ఓడ పేరు తంజావూరు. సింహళ తీరాన పిడుగుపడి ఓడ కాలిపోయింది. పడవలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. పుస్తకాలూ బట్టలూ సముద్రం పాలైనవి. అలా కట్టుబట్టలతో దిగినవారు ఇక్కడికి వచ్చి మొదట నేర్చినది తమిళం. కన్నడదేశంలో దిగి తమిళం నేర్వటమేమిటంటే, వారు దిగినది దండులో గనుక. కన్నడంలో పని మొదలుకావటానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది. తుమకూరు అవతల గుబ్బిలో ఆ పని సాగింది. 1837లో థామస్ హాడ్సన్ అక్కడ కుదురుకున్నారు. 1839లో విలియం ఆర్థర్ అనే ఐర్లండు యువకుడు ఆయనతో కలిశాడు. కళ్ళు చెడి రెండేండ్లకే తిరిగిపోయినా, ఆ రెండేండ్ల మీద మైసూరు దేశాన్ని గురించి 1847లో పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. గూడ్స్ షెడ్ రోడ్డులో ఆయన పేరిట కన్నడ గుడి ఉన్నది. మెజస్టిక్కులో బస్సు పట్టుకోబోయే మన వాళ్ళు దాని ముందు నుంచే పోతుంటారు, తల ఎత్తి చూసినవారు తక్కువ.

పెరేడు మైదానానికి తూర్పు దిక్కున స్తంభాలతో ఉన్న ఈస్ట్ పెరేడ్ చర్చి ఇంగ్లీషువారి కోసం వెస్లియన్లు 1860ల నడుమ కట్టినది. ఇప్పుడు మహాత్మాగాంధీ రోడ్డు అంటున్న వీధిని 1948 దాకా సౌత్ పెరేడ్ అనేవారు. ఆ లెక్కన దీని పేరు ఈస్ట్ పెరేడ్. కార్పొరేషన్ ఆఫీసు ఎదుటి కూడలిలో నిలిచిన నల్లరాతి హడ్సన్ చర్చి 1904 నాటిది. జోసయ్య హడ్సన్ అనే వెస్లియన్ గురువు జ్ఞాపకార్థం కట్టిన కన్నడ గుడి. ఈ రెండింటినీ చూడని బెంగుళూరువాసి లేడు. అయితే 1821కీ, ఈస్ట్ పెరేడ్ రాతి స్తంభాలకూ నడుమ నలభై ఏండ్ల పైన గడిచినవి. ఆ నలభై ఏండ్లూ సంఘం అద్దె బంగళాల వసారాలలో, బడి గదులలో, చిన్న ప్రార్థనశాలలలో పెరిగింది. పగలు పిల్లలు ఓనమాలు దిద్దిన గదే సాయంకాలం మందిరం. బల్లలు జరిపితే గుడి, తిరిగి వేస్తే బడి.

ఇదొక పాయ. రెండవ పాయ అమెరికా నుంచి వచ్చింది. విలియం టేలర్ అనే ఆయన బంగారు వేట రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధులలో బోధించి రాటుదేలిన మనిషి. బొంబాయి, కలకత్తా అయిన తరువాత 1874లో మద్రాసుకూ, బెంగుళూరుకూ వచ్చారు. ఆయన అమెరికా డబ్బు తేలేదు. గుడి కట్టేదాకా ఆగలేదు. తన మాట విని వచ్చినవారిని చిన్న చిన్న జట్లుగా చేసి, ఒక్కో జట్టును ఒక్కో సభ్యుని ఇంటికి ముడివేశారు. ఫలానా వారం, ఫలానావారి ఇంటి హాలు. ఎక్కువగా ఆంగ్లో ఇండియన్లు, రైల్వే, తంతి ఆఫీసుల ఉద్యోగులు. బ్రిస్టలులో కప్తాన్ ఫోయ్ పెట్టిన జట్టే నూట ముప్పై ఏండ్లకు దండులోని పెంకుటిళ్ళకు వచ్చిందన్నమాట. రిచ్‌మండ్ టౌనులోని మెథడిస్టు చర్చి ఆ జట్ల నుంచి మొలిచినది. 1880లో మొదలైన బాల్డ్విన్ బడులు కూడా ఆ శాఖవే. ఒహాయోలో జాన్ బాల్డ్విన్ అనే దాత పేరు వాటికి పెట్టారు. ఈ సభలో కూర్చున్నవారిలో కొందరి మనుమలు అక్కడే చదువుతున్నారని మాకు తెలుసు.

1947 సెప్టెంబరు 27న వెస్లియన్లు ఆంగ్లికనులతోనూ, దక్షిణ భారత ఐక్య సంఘంతోనూ కలిసి దక్షిణ ఇండియా సంఘం అయినారు. ఈస్ట్ పెరేడు, హడ్సను ఆ సంఘంలో చేరినవి. అమెరికా పాయ కలవలేదు. అందుచేత రిచ్‌మండ్ టౌను బోర్డు మీద మెథడిస్టు అన్న మాట ఇంకా ఉన్నది.

తెలుగువారి సంబంధం ఏదీ అని మీరు ఓపికగా చూస్తున్నారు. బంగారు గనుల మాట ఎత్తుతాము. మన సంఘంలో కోలారు గనుల నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని ఉన్నవి గదా. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీవారు అక్కడ గనులు తవ్వించారు. తవ్వకం నేర్పడానికి ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గనిపనివారిని తెచ్చారు. కార్న్‌వాల్ అంటే వెస్లీకి పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లు. అక్కడ గ్వెన్నాప్ అనే చోట పాత గని కూలి నేల కుంగి పెద్ద గొయ్యి ఏర్పడింది. 1762 నుంచి 1789 దాకా వెస్లీ ఆ గోతిలో పద్దెనిమిదిసార్లు బోధించారు. గాలి తగలదు, గొంతు అందరికీ అందుతుంది. 1806లో దానికి మెట్లు కట్టారు. నేటికీ ఏడాదికొకసారి అక్కడ కూడుతున్నారు. అలాటి నేల నుంచి వచ్చిన మనుషులు ఊర్గాంలో, ఛాంపియన్ రీఫ్స్‌లో మేస్త్రీలుగా నిలబడితే, వారి కింద చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వచ్చిన మన తెలుగువారూ, తమిళులూ వేల అడుగుల లోతుకు దిగారు. గనులు 2001 ఫిబ్రవరి చివర మూతబడ్డవి. కోలారు ఊళ్ళో మిస్ ఆన్‌స్టీ అనే ఆమె 1870ల క్షామంలో పెంచిన అనాథాశ్రమం 1890లో అమెరికా మెథడిస్టుల చేతికి వచ్చింది. తరువాత వెలసిన ఎల్లెన్ థోబర్న్ కోవెన్ ఆసుపత్రి మన పక్క పల్లెల గర్భిణులకు ఎరుకే.

ఇక తెలుగుదేశంలో మెథడిస్టు అనగానే మెదకు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1890ల చివర అక్కడ కాపురం పెట్టారు. మొదట మట్టిగోడల చిన్న ఇంట్లో ఆరాధన. తన బంగళా దేవుని ఇంటికంటె పెద్దదైపోయిందే అని ఆయన సిగ్గుపడ్డారని అక్కడివారు చెప్పుకుంటారు. 1914లో మొదలైన రాతి గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, నూట డెబ్బై అయిదు అడుగుల శిఖరం. దాన్ని చూడబోయినవారు వేలు. ఆ మట్టి ఇల్లు ఏ మూలన ఉండేదని అడిగినవారిని మేము ఇంతవరకు చూడలేదు. మేము నలుగురం కూడా పదేండ్ల క్రితం పోయి, ఫోటోలు తీసుకుని, బిర్యానీ తిని వచ్చినవాళ్ళమే.

అక్కడి నుంచి బెంగుళూరుకు కోడలుగా వచ్చిన ఒక పెద్దావిడ దొరికింది మాకు. పేరు చెప్పవద్దన్నది గనుక అమ్మ అనే అంటాము. ఆమె భర్త జాలహళ్ళి వైపు ఒక కార్ఖానాలో ఫిట్టరు. 1961లో యశవంతపురం దాపున రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నారు. తెలుగులో ప్రార్థన చేసుకోవాలంటే చోటు లేదు. కన్నడ గుడిలో కూర్చుంటే మాట అర్థమవుతుంది గాని మనసుకు ఎక్కదు అన్నదామె. ఒక ఆదివారం సాయంకాలం తమ ముందుగదిలో జంపఖానా పరిచింది. వచ్చినవారు గుంటూరు లూథరన్లు ఇద్దరు, ఒంగోలు బాప్టిస్టు కుటుంబం ఒకటి, కడప నుంచి వచ్చిన లండన్ మిషను ఉపాధ్యాయుడు, బందరు ఆంగ్లికను ఒకాయన. సొంత ఊళ్ళలో ఉంటే ఒకరి గుడికి ఒకరు పోయేవారు కారు. ఇక్కడ ఒకే జంపఖానా. బాప్తిస్మం చిలకరింపా, ముంచటమా అని రెండు వారాలు వాదులాడుకున్నారట. మూడో వారం ఉప్మా చల్లారిపోతున్నదని అమ్మ గట్టిగా అంటే ఆ వాదం అంతటితో ఆగిపోయిందట.

కుట్టుమిషను బల్లే వాక్యపీఠం. బోర్న్‌విటా డబ్బా కానుకల పెట్టె. ఇంటి యజమాని కన్నడిగులు, వైదిక కుటుంబం. తొమ్మిది గంటలకల్లా ముగించాలి, మాంసం వండకూడదు అని రెండు షరతులు పెట్టారు. కొన్ని వారాలకు ఆయన తల్లి వచ్చి గడప బయట పీట వేసుకుని కూర్చోవటం మొదలుపెట్టింది. పురుషోత్తమ చౌదరిగారి వంటివారు రాసిన తెలుగు కీర్తనలకు రాగమూ తాళమూ ఉంటవి గదా. ఆవిడకు తెలుగు మాట్లాడటం రాదు. త్యాగరాజ కృతులు మాత్రం పాతిక వచ్చు. రాగం తప్పినప్పుడు గడప బయట నుంచే సర్దేది. అమ్మ ఈ సంగతి చెబుతూ నవ్వింది, కళ్ళు తుడుచుకున్నది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ ఆరంతస్తుల భవనం లేచింది. కింద మొబైలు ఫోన్ల కొట్టు. మేము పోయి ఎదుటి పేవ్‌మెంటు మీద కాసేపు నిలబడ్డాము. చూడటానికేమీ లేదు. టీ తాగి తిరిగి వచ్చాము.

ఇక మా సంగతి. ఆ సాయంకాలమే మాలో ఒకరికి ఒక సందేహం వచ్చింది. మన సంఘం మొదటి ఉగాది ఎక్కడ జరిగింది? ముగ్గురు పెద్దలను అడిగాము. ఒకరు ఒక బడి ఆవరణలో అన్నారు. ఒకరు ఫోటో స్టూడియో మేడ మీద అన్నారు. మూడవవారు తమ పెదనాన్నగారి ఇంట్లో జరిగిందనీ, పచ్చడిలో చెరకు ముక్క గొంతుకు అడ్డుపడి అధ్యక్షోపన్యాసం ఆగిపోయిందనీ చెప్పారు. ముగ్గురూ ఒట్టు వేశారు. మొదటి తీర్మానాల పుస్తకం ఏనాటి ఇల్లు మారటంలోనో పోయింది. హాలు కట్టిన తేదీ, శిలాఫలకం మీద దాతల పేర్లు మనకు కంఠస్థం. హాలు లేనప్పుడు వంటిల్లు ఖాళీ చేసి మనకు చోటిచ్చిన గృహిణి పేరు ఏ రాతి మీదా లేదు. ఈ మాట అంటున్నప్పుడు మేము ఎవరినీ తప్పు పట్టటం లేదు. మాలో ఒకరు నాలుగేండ్లు సహాయ కార్యదర్శిగా చేసినవారే.

రెండవసారి అమ్మ దగ్గరకు పోయినప్పుడు ఆమె గోద్రెజ్ బీరువా అడుగునుంచి ఒక నోటుపుస్తకం తీసింది. పిల్లలు విదేశాలలో ఉన్నారు. ఆ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేసి కూతురు దగ్గరకు పోతున్నది. పాత కాగితాలవాడికి వేయబోతూ మీరు అడిగారు గదా అని ఆపాను అన్నది. కానుకల లెక్క కోసం పెట్టిన పుస్తకం అది. వారానికొక వరుస: తేదీ, ఎవరి ఇంట, ఎంతమంది, కానుక ఎంత. వెడల్పు మిగిలిన చోట ఒకటి రెండు మాటలు. కూడినవారు 11, కానుక 1.75, వాన. మరొక వారం: కూడినవారు 4, దీపం లేదు, కీర్తనలు చూడకుండా పాడినాము. ఇంకొకటి: యజమానిగారి తల్లికి జ్వరం, ఆమె కొరకు ప్రార్థన.

ఇంగ్లండులో దొరతనం చట్టం చేసి రాయించిన చిట్టాను ఇక్కడ ఒక ఫిట్టరుగారి భార్య ఎవరూ అడగకుండానే పన్నెండేండ్లు రాసింది.

పుస్తకాన్ని మాకు ఇవ్వలేదు, ఇవ్వను అన్నది. మేమూ అడగటం మానుకున్నాము. మూడు ఆదివారాలు ఆమె ఎదుట కూర్చుని పుట పుటా ఫోటో తీసుకున్నాము; ఉప్పు తిన్న చోట చెడిపోయిన అంకెలను ఆమె నోటితో చెబితే రాసుకున్నాము. ఆమె అనుమతితో ఒక ప్రతి మన గ్రంథాలయంలో పెట్టాము, సభ్యులెవరైనా చూడవచ్చు. దాని పక్కనే ఒక ఖాళీ పుస్తకం కూడా ఉంచాము. మొదటి పుటలో మూడు చోట్ల పేర్లు, ముగ్గురు పెద్దల సంతకాలు పడ్డవి. నాలుగో చోటు తెలిసినవారు ఉంటే ఈ సభ ముగిశాక మమ్మల్ని కలవండి.

అమ్మ పుస్తకంలో చివరి వరుస 1973లో ఒక ఆదివారానిది. అప్పటికి తెలుగు ఆరాధనకు ఒక గుడిలో సాయంకాలపు వేళ దొరికింది. ఆ వరుస ఇలా ఉన్నది: మా ఇంట. కూడినవారు 37, బయట 9. కానుక 22.40. వచ్చే వారం నుంచి గుడిలో. జంపఖానా ఉతికించవలెను.